మెత్తని చేయి: ఎక్కడ ఎంత బరువు, ఎటువైపు, ఎంతసేపు

ఒళ్ళు పట్టడమంటే గట్టిగా పిసికితేనే ఫలితమని చాలామంది నమ్మకం. నొప్పి పుట్టకపోతే డబ్బు దండగ అనేవాళ్ళూ ఉన్నారు. పట్టేసిన కండరం విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో గానీ, నీరు పట్టిన కాలు మీద, ఆపరేషన్ మచ్చ మీద, ఉబ్బిన కడుపు మీద అదే చేయి పడితే మేలు మాట అటుంచి కీడే ఎక్కువ. చేతి బరువు ఎంతుండాలో చర్మం కింద ఏ పొరని కదపబోతున్నామన్నదే నిర్ణయిస్తుంది. కణాల మధ్య నీటిని మోసే లింఫ్ నాళాలు చర్మానికి ఆనుకునే మొదలవుతాయి, వాటికి చేయి ఆనించి ఊరుకున్నా ఒక్కోసారి ఎక్కువే. పెద్దపేగు కడుపు గోడ వెనకాల ఉంటుంది, దానికోసం కాస్త లోతుకి దిగాలి. లోపలి చెవిలో దారితప్పిన రేణువుల్ని తాకనే లేం, తలని తిప్పి వాటిని దొర్లించాలి.

నీరు పట్టిన కాలు, చేయి

నియమాలు అన్నిటికన్నా కచ్చితంగా ఉన్నది లింఫ్ మర్దనకే. జనం అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేదీ దాన్నే. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లలో ఫ్రాన్స్‌లో పనిచేస్తూ దీన్ని రూపొందించారు. 1936లో పారిస్‌లో లోకానికి చూపించారు. లింఫ్ గ్రంథి వాచి బిళ్ళ కట్టిన చోట చేయి పెట్టనే కూడదని వైద్యులు అనే రోజులవి. ఇన్ఫెక్షన్ వల్ల కట్టిన బిళ్ళల విషయంలో ఆ మాట ఇప్పటికీ నిజమే.

కణాల మధ్య చేరిన నీటిని, ప్రొటీన్లను లింఫ్ నాళాలు పీల్చుకుని పైకి మోసుకెళ్ళి, కాలర్ ఎముకల వెనక పెద్ద సిరల్లో కలుపుతాయి. వీటిలో అతి సన్నని నాళాల గోడల్లో కణాలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి, చిన్న చిన్న తలుపుల్లా ఉంటాయి. ఆ తలుపులకి చుట్టూ ఉన్న కణజాలంతో సన్నని పోగులు కట్టి ఉంటాయి. చర్మం పక్కకి సాగితే పోగులు లాగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, నీరు లోపలికి వెళ్తుంది. చర్మాన్ని వదిలేస్తే తలుపులు మూసుకుంటాయి. చేయవలసిన పనంతా ఇదే: చర్మాన్ని సాగదీయడం, పూర్తిగా వదిలేయడం. గట్టిగా ఒత్తితే నాళమే అణిగిపోతుంది. రుద్దితే చర్మం ఎర్రబడుతుంది. ఎరుపు అంటే ఆ చోటికి రక్తం ఎక్కువగా వస్తోందని, అంటే కణాల మధ్యకి ఇంకా నీరు ఊరుతోందని అర్థం. వాపు తగ్గించబోయి పెంచినట్టు. లింఫ్ మర్దన అయ్యాక చర్మం ఎర్రగా ఉంటే చేసిన పద్ధతి తప్పు.

ఎంత బరువు వేయాలి? బీపీ కొలిచే మిల్లీమీటర్లలో చెప్పాలంటే 30 నుంచి 40 దాకా అని శిక్షణలో నేర్పుతారు. ఆ అంకె చేతికి తెలిసేది కాదు. మూసిన మీ కంటిరెప్పని వేలితో కదిపి చూడండి, గుడ్డు మీద బరువు పడకుండా రెప్ప ఒక్కటే జరగాలి. ఇంచుమించు అంతే.

నూనె వద్దు. నూనె రాస్తే చేయి జారుతుంది, చర్మం సాగదు. చేతికి చెమట పడుతుంటే కొంచెం పౌడరు చాలు.

రెండో నియమం, వాచిన చోట మొదలుపెట్టకపోవడం. ముందు మెడ దగ్గర, తర్వాత గజ్జల్లో దారి ఖాళీ చేసి, అప్పుడు కాలి దగ్గరికి రావాలి. పైన నిండుగా ఉన్నప్పుడు కింది నీటిని తోస్తే అది వెళ్ళడానికి చోటుండదు. కాలికైతే వరస ఇలా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాలు కొంచెం ఎత్తులో పెట్టాలి. కాలర్ ఎముకల పైన ఉన్న గుంటల్లో వేళ్ళు చదునుగా ఆనించి, చర్మాన్ని లోపలికి, కిందికి మెల్లగా సాగదీసి వదలాలి, అయిదు నుంచి ఏడు సార్లు. తర్వాత కడుపు పైకి లేచేలా అయిదు లోతైన శ్వాసలు తీయించాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. కానీ కాళ్ళ నుంచి వచ్చే లింఫ్ అంతా పొట్టలోంచి, ఛాతీలోంచి వెళ్ళే ఒకే పెద్ద నాళం గుండా పైకి ఎక్కాలి. శ్వాస కండరం దిగుతూ లేస్తూ ఉంటే ఆ నాళానికి తోపు దొరుకుతుంది. ఆపైన గజ్జల్లో గ్రంథులున్న చోట పదిసార్లు నెమ్మదైన వలయాలు. తర్వాత తొడ పై భాగం, మధ్య భాగం, మోకాలి పైభాగం. ఒక్కో చోట అయిదు నుంచి ఏడు సార్లు, ప్రతిసారీ సాగదీత గజ్జ వైపే. మోకాలి వెనక గుంట, పిక్క, చీలమండ, పాదం ఆ తర్వాతే. పాదం దాకా వచ్చాక అదే దారిన మళ్ళీ పైకి.

తొందర పనికిరాదు. లింఫ్ నాళాలు తమంతట తాము ముడుచుకునేది నిమిషానికి కొద్దిసార్లే. ఆ నాళం లయకి మించి చేయి పరుగెత్తితే ప్రయోజనం లేదు. నేర్చుకున్నవాళ్ళు చేస్తే 45 నిమిషాల నుంచి గంట, ఇంట్లో ఎవరికి వారు చేసుకుంటే 15, 20 నిమిషాలు.

కేన్సర్ ఆపరేషన్లో గజ్జ గ్రంథులు తీసేసి ఉంటే నీటిని గజ్జకి తోలకూడదు, పక్కల మీదుగా అదే వైపు చంకకి తోలాలి. రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత చేయి వాస్తే, ఛాతీ మీదుగా రెండో వైపు చంకకి, నడుము పక్కగా అదే వైపు గజ్జకి రెండు దారులు చేస్తారు. ఆపరేషన్ కాగితం చూడకుండా ఇందులో చేయి పెట్టకూడదు.

ఇంత శ్రద్ధగా చేసి కట్టు కట్టకుండా పంపిస్తే, లేచి నిలబడి తిరగ్గానే నీరు మళ్ళీ కిందికి దిగుతుంది. మర్దన, కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ నాలుగూ కలిస్తేనే లింఫ్ వాపుకి చికిత్స అంటారు. నాలుగింట్లో బరువైనది కట్టే గానీ మర్దన కాదని నా అభిప్రాయం. ఆ కట్టు కూడా మామూలు సాగే క్రేపు బ్యాండేజి కాకూడదు. బాగా సాగే గుడ్డ పడుకున్నప్పుడు కూడా బిగిస్తూనే ఉంటుంది, నడిచేటప్పుడేమో కండరం ఉబ్బితే తానూ సాగిపోతుంది. తక్కువ సాగే బ్యాండేజి నడిచేటప్పుడు గోడలా నిలబడుతుంది, పిక్క కండరం ఆ గోడకి ఆనుకుని నీటిని పైకి తోస్తుంది. కట్టు చీలమండ దగ్గర ఎక్కువ బిగువుగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. కాలి వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. షుగరున్నవాళ్ళకి, పొగతాగేవాళ్ళకి కాలి ధమనులు బాగున్నాయో లేదో డాక్టరు చూశాకే కట్టు.

బోదకాలుకి మర్దనకన్నా ముందు సబ్బుతో కడగడం, వేళ్ళ సందులు పొడిగా తుడవడం, పగుళ్ళకి మందు రాయడం. ఆ పగుళ్ళలోంచే సూక్ష్మజీవులు దూరి జ్వరం తెప్పిస్తాయి. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకొంచెం గట్టిపడుతుంది. కాలు ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం ఉన్నప్పుడు మర్దన మానేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇది అసలు లింఫ్ వాపేనా అని చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కాలి బొటనవేలి పక్క వేలు మొదట్లో, పైవైపు చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తండి. ముడత లేవకపోతే లింఫ్ వాపే అనుకోవచ్చు. ముడత లేచినంత మాత్రాన కాదని తేల్చేయలేం. రెండు కాళ్ళూ ఒకేలా వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే ముందు గుండె, కిడ్నీలు, కాలేయం, వాడుతున్న బీపీ మాత్రలు చూపించుకోవాలి. ఆమ్లోడిపిన్ మాత్రకి కాళ్ళు వాయడం మామూలే. గుండె బలహీనంగా ఉన్నప్పుడు కాళ్ళలోని నీటిని పైకి తోస్తే ఆ బరువంతా గుండె మీదే పడుతుంది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే దాన్ని ముట్టుకోనే కూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, పిసికినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు.

కడుపు

మలబద్ధకానికి కడుపు నిమరమని అందరూ చెబుతారు, ఎటువైపు అన్నది మాత్రం సగం మందే చెబుతారు. పెద్దపేగు కుడి పొత్తికడుపు దగ్గర మొదలై, కుడి పక్కటెముకల దాకా ఎక్కి, అడ్డంగా ఎడమకి దాటి, ఎడమ వైపు కిందికి దిగుతుంది. మీ కడుపు మీద గడియారం పెట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళు దాన్ని చదివితే ముల్లు తిరిగే వైపే చేయీ తిరగాలి. పక్కనుంచి చేసేవాళ్ళు తమ కుడి, రోగి కుడి కలగలిపి తిరగేసి చేయడం తరచూ జరిగే పొరపాటు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టాలి. మోకాళ్ళు చాపి ఉంటే కడుపు గోడ బిగుసుకుని చేయి లోపలికి దిగదు. మూత్రం పోసి రావాలి. తిన్న గంట లోపు చేయకూడదు. ఇక్కడ కొంచెం నూనె రాసుకోవచ్చు. మొదటి రెండు నిమిషాలు అరచేత్తో కడుపంతా తేలిగ్గా నిమిరితే చాలు, గోడ సడలుతుంది. తర్వాత ఎడమ వైపు పక్కటెముకల కింద నుంచి గజ్జ దాకా నెమ్మదిగా దిగాలి, పదిసార్లు. ఆపైన కుడి పక్కటెముకల నుంచి అడ్డంగా ఎడమకి వచ్చి కిందికి, పదిసార్లు. చివర కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి మొత్తం దారి, పదిసార్లు. ముందు బయటికి పోయే దారి, తర్వాత వెనక ఉన్నది, ఇదీ లింఫ్ మర్దనలోని సూత్రమే. లోతు ఒకటి రెండు సెంటీమీటర్లు, వేళ్ళ కొసలతో పొడవకుండా చదునుగా. నొప్పి ఉండకూడదు, గుడగుడమంటే మంచి గుర్తు. మొత్తం 10, 15 నిమిషాలు.

పొద్దున టిఫిను తిన్న తర్వాత పేగు సహజంగానే కదులుతుంది. అందుకే తినకముందు మర్దన చేసుకుని, తిన్నాక ఓ పావుగంట, ఇరవై నిమిషాలకి దొడ్డికి కూర్చోవడం మంచి వరస. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవాలి, మోకాళ్ళు తొడల మొదలుకన్నా పైకి రావాలి.

ఒకటి రెండు రోజుల్లో తేలేది కాదిది. స్వీడన్‌లో చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో ఎనిమిది వారాల మర్దన తర్వాత ఇబ్బందులు తగ్గాయి గానీ విరేచనాల మందు వాడకం తగ్గలేదు. కాబట్టి మందు మానేసి మర్దన మొదలుపెట్టే పని చేయకండి. గర్భిణులకి, ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకి, హెర్నియా ఉన్నవాళ్ళకి, పొత్తికడుపు ధమని ఉబ్బినవాళ్ళకి ఇది వద్దు. కడుపు గట్టిపడి వాంతులవుతూ గాలి కూడా పోకపోతే అది పేగు అడ్డుపడటం, మర్దన పెట్టుకునే సమయం కాదు. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ముందు పరీక్షలు.

పసిపిల్లలకి కడుపునొప్పి ఏడుపు వచ్చినప్పుడు ఇదే దారిలో రెండు వేళ్ళతో చేసి, మోకాళ్ళు మడిచి పొట్టకి ఆనిస్తే గాలి పోతుంది. ఏడుపు మొత్తం తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు. మూడు నాలుగు నెలలు వస్తే చాలామంది పిల్లలకి అదే తగ్గుతుంది.

తల తిప్పి చేసే చికిత్స

మంచం మీద పక్కకి తిరిగినా, పైకి చూసినా అర నిమిషం గదంతా గిర్రున తిరుగుతోందంటే, చాలాసార్లు లోపలి చెవిలో ఉండాల్సిన చోటు నుంచి ఊడిన కాల్షియం రేణువులు వంపు గొట్టంలో పడ్డాయని. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు 1980లో కనిపెట్టిన కదలికల వరసతో వాటిని వెనక్కి దొర్లించవచ్చు. మొదట్లో తోటి వైద్యులు నవ్వారు. ఇప్పుడు మొదట చేయవలసిన చికిత్స ఇదే. మెత్తని చేతి పనుల్లో ఇంత తొందరగా, ఇంత స్పష్టంగా ఫలితమిచ్చేది ఇంకొకటి లేదు.

కుడి చెవికైతే: మంచం మీద కాళ్ళు చాపి కూర్చోవాలి, పడుకుంటే భుజాల కిందికి వచ్చేలా వెనక దిండు. తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, అలాగే వేగంగా వెనక్కి పడుకోవాలి. తల దిండు దాటి కొంచెం వెనక్కి వాలాలి. తిరుగుడు వస్తుంది, రావాలి కూడా. కళ్ళు మూయకుండా 30 నుంచి 60 సెకన్లు ఆగాలి. తల ఎత్తకుండా ఎడమకి 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ అంతసేపు. అప్పుడు ఒళ్ళంతా ఎడమ పక్కకి దొర్లి, ముక్కు నేలవైపు చూసేలా ఇంకో 90 డిగ్రీలు, మళ్ళీ అంతసేపు. గడ్డం దించుకుని ఎడమ వైపు నుంచే లేచి కూర్చోవాలి. పక్కన ఒకరు ఉండి తల పట్టుకోవాలి.

పని చేయకపోవడానికి మామూలు కారణం ఆగకపోవడం. రేణువు జరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, తల ముందే తిరిగితే అది సగంలోనే ఉండిపోతుంది. రెండోది, తప్పు చెవికి చేయడం. ఏ వైపుకి తల తిప్పి పడుకోబెడితే తిరుగుడు వచ్చి కనుగుడ్లు కొట్టుకుంటాయో అదే జబ్బు వైపు. మొదటిసారి డాక్టరు దగ్గరే తేల్చుకోవడం మంచిది. ఆ రాత్రి కూర్చుని నిద్రపోవాలన్న పాత సలహా ఇప్పుడు అవసరం లేదంటున్నారు. మాట తడబడటం, రెండుగా కనిపించడం, ఒక వైపు బలహీనత, ఎన్నడూ లేని తలనొప్పి తోడైతే అది చెవి సంగతి కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

మచ్చ, మెడ, మరికొన్ని

ఆపరేషన్ మచ్చ కింద చర్మం లోపలి పొరకి అతుక్కుంటే లాగుతున్నట్టు ఉంటుంది. కుట్లు తీసి, పొక్కులన్నీ రాలి, గాయం పూర్తిగా మూసుకున్నాకే చేయి పెట్టాలి. సిజేరియన్‌కైతే ఆరు వారాలు ఆగి, డాక్టరు చూశాక. వాసన లేని క్రీము రాసి, రెండు వేళ్ళతో మచ్చ మీద వలయాలు, తర్వాత పొడవునా, తర్వాత అడ్డంగా. వేలు చర్మం మీద జారకుండా చర్మంతో పాటు కదలాలి. వేలిగోరు కాస్త పాలిపోయేంత ఒత్తిడి చాలు. అయిదు నుంచి పది నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. మచ్చ మారుతూ ఉండేది ఏడాది, ఏడాదిన్నర దాకా, కాబట్టి నెలలు పడుతుంది. అది విచ్చుకున్నా, వేడెక్కినా ఆపేయాలి.

మెడ పట్టేసి వచ్చే తలనొప్పికి మంచి పని, ఏమీ చేయకుండా వేళ్ళు పెట్టి ఉంచడం. పడుకున్నవాళ్ళ తల వెనక, పుర్రె అంచు కింద మెత్తని చోట మునివేళ్ళు పైకి నిలబెడితే తల బరువుకే కండరాలు రెండు నుంచి అయిదు నిమిషాల్లో వదులవుతాయి. తోయకూడదు. టకీమని మెడ విరవడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మెడ ధమని లోపలి పొర చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం అరుదే గానీ నిజం. పక్షవాతం వచ్చినవాళ్ళ భుజం విషయంలోనూ జాగ్రత్త. వాలిపోయిన చేతిని పట్టుకుని లేవదీయడం, చంక కింద చేయి వేసి లాగడం వల్ల కీలు జారుతుంది. చేతికి కింద దిండు ఆనించి, భుజపు రెక్క ఎముకని అరచేత్తో పట్టి కదపాలి.

ఊరికే నిమరడంలోనూ లెక్క ఉంది. రోమాలున్న చర్మంలో సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగానికి, వెచ్చని స్పర్శకి బాగా పలికే నరాలు ఉన్నాయి, హాయి కలిగించేవి అవే. ముంజేయి మొత్తం నిమరడానికి ఏడెనిమిది సెకన్లు పట్టాలి. అలాగని అతి తేలిక చేయీ మంచిది కాదు. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండని పిల్లలకి రోజుకి మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేస్తే వాళ్ళ బరువు మిగతావాళ్ళకన్నా రోజుకి 47 శాతం ఎక్కువ పెరిగింది. ఆ తర్వాతి పరీక్షల్లో ఓ మోస్తరు ఒత్తిడికే ఆ ఫలితం వచ్చింది. ఈకతో రాసినట్టు తాకితే పిల్లలు చక్కిలిగిలితో చికాకుపడతారు.

మెత్తని చేయి పేరుతో పెద్ద మాటలు చెప్పేవీ ఉన్నాయి. క్రేనియోసేక్రల్ చికిత్స 1970లలో జాన్ అప్లెజర్ ప్రచారం చేసినది. అయిదు గ్రాముల బరువుతో తల పట్టుకుని, మెదడు చుట్టూ ఉన్న ద్రవం లయని వేళ్ళతో గుర్తించి సరిచేస్తామంటారు. ఒకే మనిషిని ఇద్దరు నిపుణులకి ఇచ్చి చూస్తే వాళ్ళు లెక్కపెట్టిన లయలు కలవలేదు. నిశ్శబ్దంగా ఎవరైనా గంటసేపు తల పట్టుకుంటే నిద్ర బాగా పడుతుంది, నొప్పి కొంత మరుపొస్తుంది. అందుకు డబ్బు పెట్టడం మీ ఇష్టం. ఆస్ట్రేలియాలో పుట్టిన బోవెన్ పద్ధతిలో కండరం మీద వేలితో ఒక దొర్లింపు దొర్లించి రెండు నిమిషాలు ఆగుతారు. నడుంనొప్పికి, భుజం నొప్పికి హాయిగా ఉండొచ్చు, ఉబ్బసం నయమవుతుందంటే నమ్మకండి. మీ ఇన్‌హేలరు, షుగరు మందు, మూర్ఛ మాత్రలు ఆపేయమన్నవాళ్ళ బల్ల మీంచి లేచి వచ్చేయండి.